రిహార్సల్‌కు ఒప్పుకోని ఆర్డరు

పోయిన నెల మా మేనల్లుడు గుంటూరు నుంచి ఒక కొటేషన్ పట్టుకుని విజయవాడ వచ్చాడు. బ్రాడీపేటలో వాడికి పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది, కొన్నేళ్ళుగా పెళ్ళిళ్ళకు లైవ్, అంటే ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం, కూడా ఇస్తున్నాడు. ఇకమీదట కంపెనీల కార్యక్రమాలకు లైవ్ ఇచ్చే వ్యాపారం విడిగా పెడతానని, బ్యాంకు అప్పు కోసం సామాను జాబితా రాయించానని, ఒకసారి చూసిపెట్టమని అడిగాడు. రెండు పేజీల ఆ జాబితాలో మొదటి పేజీ అంతా కెమెరాలు, లెన్సులు, ఒక క్రేను. రెండో పేజీలో ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మార్చే స్విచ్చర్, మానిటర్లు, లైట్లు. అట్టడుగున ‘ఇంటర్నెట్, ఇతరములు’ అని ఒకే ఒక వరుస ఉంది, దాని ఎదురుగా అంకె కూడా వేయలేదు.

“ఈ ఇతరములు ఏమిట్రా?” అన్నాను.

“అది హాలు వాళ్ళే ఇస్తారు మావయ్యా,” అన్నాడు.

నేను విజయవాడలో ఈ పని 2016 నుంచి చేస్తున్నాను, మొదలుపెట్టింది పెళ్ళిళ్ళతోనే. వాడి జాబితా చూసి నవ్వే అర్హత నాకు లేదు, నా మొదటి జాబితాలోనూ ఆఖరి వరుస అచ్చం అలాగే ఉండేది. అయితే వాడు వెళ్ళాక రెండు రోజులు ఆలోచిస్తే నా మనసులో చాలాకాలంగా నలుగుతున్న ఒక అభిప్రాయం గట్టిపడింది. కంపెనీల లైవ్ వ్యాపారం పెట్టేవాడు కస్టమరుకు ఇచ్చే కొటేషన్‌లో మొట్టమొదటి వరుసగా రాయవలసింది రిహార్సల్. కార్యక్రమానికి ముందు రోజు, అదే హాల్లో, అదే ఇంటర్నెట్ లైన్ మీద, అవే మైకులతో, కనీసం రెండు గంటలు చేయాలి, దానికి విడిగా డబ్బు తీసుకోవాలి. అందుకు ఒప్పుకోని ఆర్డరును వదులుకోవాలి. విజయవాడలో ఏ కెమెరా కావాలన్నా సాయంత్రానికల్లా అద్దెకు దొరుకుతుంది, ఆ రెండు గంటలు మాత్రం నోరు తెరిచి అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

డాలస్ బాబాయి ఓర్పు

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లైవ్ అనే మాట అలవాటైంది పెళ్ళిళ్ళ వల్లే. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు ఎక్కువ, సెలవు దొరకని బాబాయిలూ వీసా గొడవల్లో చిక్కుకున్న అన్నయ్యలూ ఎక్కువ, కాబట్టి శుభలేఖతో పాటే లింకు పంపడం ఆనవాయితీగా మారింది. అర్ధరాత్రి ముహూర్తానికి సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళ లింకు నాలుగు నిమిషాలు ఆగిపోయిందనుకోండి, డాలస్ బాబాయి ఫోన్ చేసి విసుక్కుంటాడు, పెళ్ళికూతురి తండ్రి నా వంక ఒక చూపు చూస్తాడు, తలంబ్రాల వేళకు ఇద్దరూ మరిచిపోతారు. రికార్డింగు ఎలాగూ చేతికొస్తుంది. పెళ్ళి చూసేవాడు చుట్టం, చుట్టానికి ఓర్పు ఉంటుంది.

కంపెనీ కార్యక్రమం చూసేవాడు చూడమంటే కూర్చున్నవాడు. బొమ్మ ఒకసారి తిరుగుడు పడితే ఎదురుచూస్తాడు, రెండోసారి పడితే ఫోను పక్కన పెట్టి తన పని చూసుకుంటాడు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, దాన్ని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. అక్కడ లైవ్ ఆగితే మాట పడేది నాకు ఆర్డరిచ్చిన మేనేజరు. తెర మీద మాట్లాడుతున్నది ఆయన పై అధికారి. ఆ మేనేజరుకు నా కెమెరా ఏ కంపెనీదో అక్కరలేదు, ఆ పూట తన ఉద్యోగానికి మచ్చ రాకుండా గడిచిపోతే చాలు. ఇది అర్థం కాని రోజుల్లో నేను కొటేషన్లలో కెమెరాల మోడల్ నంబర్లు రాసి పంపేవాణ్ణి, వాటిని చదివినవారు ఒక్కరూ లేరు.

అలాగని పెళ్ళి పనిని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. పెళ్ళిళ్ళలో నలిగిన కుర్రాడికి పద్నాలుగు గంటలు నిలబడే ఓపిక ఉంటుంది, జనంలోంచి దారి చేసుకోవడం తెలుస్తుంది, పురోహితుడు ఏ క్షణాన ఏమి చేయబోతాడో ముందే పసిగట్టే కన్ను ఉంటుంది. నా దగ్గర పనిచేసినవారిలో గట్టివాళ్ళంతా అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకు అలవాటు లేనిదల్లా ముందు రోజు వచ్చి చూసుకోవడం, ఎందుకంటే పెళ్ళికి ముందు రోజు ఆ మండపంలో ఇంకొకరి పెళ్ళి జరుగుతూ ఉంటుంది.

మాట వినబడని పదకొండు నిమిషాలు

2018లో గుంటూరులోని ఒక హోటల్లో ఒక విత్తనాల కంపెనీ డీలర్ల సమావేశం జరిగింది. హాల్లో రెండు వందల మంది ఉన్నారు, కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు డీలర్లు తమ తమ ఊళ్ళలో తెరల ముందు కూర్చున్నారు. ఆ సీజను స్కీము ఏమిటో చైర్మన్ గారు స్వయంగా ప్రకటిస్తారని అందరికీ ముందే చెప్పారు. సౌండ్ హోటల్ వాళ్ళది, మైకులన్నీ కలిసే మిక్సర్ దగ్గర వాళ్ళ మనిషే కూర్చుని, లైవ్‌లోకి మాట పంపడానికి మాకు ఒక ఆడియో లైన్ ఇచ్చాడు. ఉదయం పోడియం మైకులో ‘హలో హలో’ అని చూసుకున్నాము, చక్కగా వచ్చింది, టిఫిన్‌కు వెళ్ళాము.

చైర్మన్ గారు పోడియం దగ్గరికి రాలేదు. నడుస్తూ మాట్లాడటం తన అలవాటన్నారు, కాలర్ మైకు పెట్టించుకున్నారు. ఆపరేటర్ ఆ మైకును హాలు స్పీకర్లకు పంపాడు గాని మాకిచ్చిన లైన్‌లోకి పంపలేదు. హాలు దద్దరిల్లుతోంది. నా చెవుల మీద హెడ్‌ఫోన్లు ఉన్నాయి, వాటిలోంచి మాట స్పష్టంగా వినబడుతోంది కూడా, కాకపోతే అది వైరులోంచి వచ్చే మాట కాదు, నాకు పది అడుగుల దూరంలో ఉన్న స్పీకర్ బాక్సులోంచి హెడ్‌ఫోన్లను దాటుకుని వస్తున్న మాట. ఆడియో మీటరు పడిపోయి ఉన్న సంగతి నేను చూడలేదు, ఆయన నడకను కెమెరా ఎంత అందంగా వెంబడిస్తోందో చూస్తూ మురిసిపోతున్నాను. నంద్యాల డీలరు ఒకాయన మేనేజరుకు ఫోన్ చేసేదాకా, అంటే పదకొండు నిమిషాలపాటు, జిల్లాలన్నిటికీ మేము మూగబొమ్మను పంపాము. స్కీము వివరాలు ప్రకటించింది సరిగ్గా ఆ పదకొండు నిమిషాల్లోనే.

మర్నాడు మేనేజరు గారు కోప్పడలేదు. “బొమ్మ చాలా బాగుందండీ, మూకీ సినిమాకి బొమ్మే కదా ముఖ్యం,” అన్నారు. ఆ కంపెనీ నుంచి నాకు మళ్ళీ ఆర్డరు రాలేదు.

ముందు రోజు ఎవరైనా ఒక అరగంట కూర్చుని, ‘రేపు మాట్లాడేవారు ఎవరు, ఎక్కడ నిలబడతారు, ఏ మైకు వాడతారు’ అని అడిగి ఉంటే ఇది జరిగేది కాదు. అప్పటి నుంచి నేను రెండు పద్ధతులు తప్పకుండా పాటిస్తున్నాను. మొదటిది, ప్రతి మైకునూ విడివిడిగా మా లైన్‌లో విని చూడటం. రెండోది, ఒక మనిషిని హాలు బయట, పార్కింగులో ఆపిన కారులో, మామూలు ఫోనుతో మొబైల్ డేటా మీద కూర్చోబెట్టడం. వాడిని మేము ‘బయటి మనిషి’ అంటాము. వాడికి కార్యక్రమం అయ్యేదాకా చూడటం, వినడం తప్ప వేరే పని ఉండకూడదు. కుర్రాణ్ణి ఊరికే కారులో కూర్చోబెట్టి బిల్లు వేస్తున్నారేమిటని ఒక కస్టమరు అడిగాడు, నాకు నంద్యాల ఫోను గుర్తొచ్చింది.

రిహార్సల్‌లోనే తేలే మరో సంగతి ఆలస్యం. యూట్యూబు వంటి వేదికల మీద బొమ్మ చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపబడుతుంది. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ఒక్కో ముక్క ఆరు సెకన్లనుకుంటే, ప్లేయరు రెండు మూడు ముక్కలు దగ్గర పెట్టుకుని గాని మొదలుపెట్టదు. అందువల్ల వేదిక మీద అన్న మాట అవతలివాడికి చేరడానికి ఇరవై, ముప్పై సెకన్లు పడుతుంది. ఈ సంగతి పెద్దవాళ్ళకు ముందు రోజే చూపించాలి. లేకపోతే, ‘మీ అందరికీ సమ్మతమేనా? చాట్‌లో చెప్పండి’ అని డైరెక్టర్ గారు అడుగుతారు, ఒక్క జవాబూ రాదు, హాల్లో నిశ్శబ్దం, ఆయన ముఖం మాడిపోతుంది. సరేనండీ అన్న జవాబులన్నీ ఆయన తర్వాతి విషయంలోకి వెళ్ళాక కట్టగట్టుకుని వస్తాయి.

రెండు లైన్లు, ఒకే స్తంభం

‘మా దగ్గర 100 ఎంబీపీఎస్ ఉందండీ’ అని ప్రతి హాలు మేనేజరూ చెబుతాడు, అబద్ధం కూడా కాదు. అయితే ఆయన చెప్పేది దిగే వేగం (డౌన్‌లోడ్), మనకు కావలసింది ఎక్కే వేగం (అప్‌లోడ్). ఫుల్ హెచ్‌డీ బొమ్మను 5 ఎంబీపీఎస్‌తో పంపుతున్నామనుకుంటే కనీసం 10 నిలకడగా ఉండాలి. ముందు రోజు ఖాళీ హాల్లో అది ఉంటుంది, మర్నాడు నాలుగు వందల మంది అతిథులు వచ్చి అదే వైఫైలో ఫోటోలు పంపడం మొదలుపెట్టాక ఉండదు. కాబట్టి రిహార్సల్‌లో పరీక్షించవలసింది హోటల్ వైఫైని కాదు, మనం తెచ్చుకున్న లైన్లను.

రెండు లైన్లుంటే నిశ్చింత అని నేనూ అనుకున్నాను. ఒకసారి బందరు రోడ్డుకు దగ్గరలోని ఒక హాలుకు రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ లైన్లు తాత్కాలికంగా వేయించాను. కార్యక్రమం మొదలైన గంటకు రెండూ ఒకేసారి పోయాయి. బయటికి పరుగెత్తి చూస్తే వీధి చివర జేసీబీ తొట్టి ఎత్తి ఉంది, దాని కింద కరెంటు స్తంభం నుంచి తెగిపడ్డ నల్లటి తీగలు కుప్పగా పడి ఉన్నాయి. కంపెనీలు రెండైనా కేబుల్ వచ్చిన స్తంభం ఒకటే. మిగతా గంటా రెండు సిమ్ముల మీద నడిపించాము, బొమ్మ నాణ్యత సగానికి తగ్గించుకుని గట్టెక్కాము. అందుకే ఇప్పుడు కేబుల్ ఆపరేటర్‌ను నేను మొదట అడిగేది రేటు కాదు, ‘మీ తీగ ఏ వైపు నుంచి వస్తుంది’ అని. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు.

సిమ్ములనూ పూర్తిగా నమ్మడానికి లేదు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల ఫోను పట్టుకున్న ఎవరికైనా ఆ సంగతి తెలుసు, జనం పోగయితే టవరు చేతులెత్తేస్తుంది. పంపే పద్ధతిలో కొంత మేలు ఉంది. ఫ్లాష్ ప్లేయరు కాలం నాటి ఆర్‌టీఎంపీ అనే పాత పద్ధతితో పోలిస్తే, హైవిజన్ సంస్థ 2017లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఎస్‌ఆర్‌టీ పద్ధతి ఒడుదొడుకుల లైన్‌ను బాగా తట్టుకుంటుంది, దారిలో పోయిన ముక్కల్ని గడువులోపల మళ్ళీ తెప్పించుకుంటుంది. అయినా తెగిన తీగలోంచి ఏ పద్ధతీ ఏమీ తెప్పించలేదు.

కరెంటు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. జనరేటర్ అందుకునేలోపు గడిచే పది పదిహేను సెకన్లకు మా సామానంతా యూపీఎస్ మీదే ఉంటుంది. ఒక హాల్లో కరెంటు పోయినా మా తెరలన్నీ దివ్యంగా వెలుగుతూనే ఉన్నాయి, లైవ్ మాత్రం ఆగిపోయింది. ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌యూ పెట్టె మెట్ల కింద గదిలో, చీపుళ్ళ పక్కన, మామూలు ప్లగ్గుకు తగిలించి ఉంది.

ఎదురుమాటలు

నా అభిప్రాయానికి ఎదురుమాటలు చాలానే ఉన్నాయి, వాటిలో కొన్నింటికి నా దగ్గర సరైన జవాబు లేదు.

మొదటిది మేనల్లుడే అన్నాడు: “కొత్తగా పెట్టినవాడు ఆర్డరు వదులుకుంటే తినేదేమిటి మావయ్యా?” నిజమే. రిహార్సల్‌కు డబ్బు అడిగినందుకు నేను పోగొట్టుకున్న ఆర్డర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి మొదటి నుంచీ నేనే చేస్తున్న ఒక కాలేజీ స్నాతకోత్సవం. దాన్ని నా రేటులో మూడో వంతుకు ఒక పెళ్ళి స్టూడియో చేసింది, ఏ లోపమూ లేకుండా చేసింది. అన్యాయం చేయకుండా చెప్పాలంటే, రిహార్సల్ లేకపోయినా పదిలో ఎక్కువ కార్యక్రమాలు సవ్యంగానే జరిగిపోతాయి. నా వాదనకు అసలు బలహీనత అక్కడే ఉంది. జరగని ప్రమాదానికి డబ్బు అడగడం ఎంత కష్టమో పాలసీలు అమ్మే ఏజెంట్లకు తెలుసు.

రెండోది, జూమ్, టీమ్స్ ఉండగా మనం ఎందుకన్నది. లోపలి సమావేశాలకు మనం అక్కరలేదు, ఒప్పుకుంటాను. కరోనా కాలంలో 2020 ఏప్రిల్, మే నెలల్లో కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చిన సర్క్యులర్లతో వాటాదారుల సమావేశాలు వీడియో ద్వారా జరుపుకోవచ్చని తేలింది. ఈ-ఓటింగు ఇవ్వవలసిన కంపెనీలైతే కనీసం వెయ్యి మంది చేరగలిగే ఏర్పాటు ఉండాలని, రికార్డు భద్రపరచాలని నిబంధన పెట్టారు. దాన్ని చూసి నాలాంటివాళ్ళం చాలా ఆశపడ్డాము. ఆ పని వాటాల లెక్కలు చూసే డిపాజిటరీలు, రిజిస్ట్రార్ సంస్థలు ఓటింగుతో కలిపి చేసుకున్నాయి, మనకు మిగిలింది చైర్మన్ గారి ముందు పెట్టే కెమెరా, మైకు. బెజవాడలో నిలబడే పని వేరే ఉంది. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల కంపెనీల డీలర్ల సభలు, కాలేజీల స్నాతకోత్సవాలు, ఆసుపత్రుల వైద్య సదస్సులు. ముఖ్యంగా విజయవాడ, గుంటూరుల్లో ఇన్ని ఆసుపత్రులు ఉన్నందువల్ల ఆపరేషన్ థియేటర్ నుంచి సదస్సు హాలుకు చూపించే పని తరచుగా వస్తుంది. అక్కడ హాల్లోని డాక్టరు ప్రశ్న అడిగితే సర్జన్ గారు కత్తి చేతిలో ఉండగానే జవాబు చెప్పాలి, ముప్పై సెకన్ల ఆలస్యం పనికిరాదు, రెండు చోట్లకూ నేరుగా లైన్ కలపాలి. ఇవి జూమ్ తెలిసిన ఆఫీసు కుర్రాడితో అయ్యేవి కావు, రిహార్సల్ లేకుండా అయ్యేవి అసలే కావు. ఆసుపత్రులవాళ్ళు రిహార్సల్ అడిగితే ఎన్నడూ బేరమాడలేదన్నది నా అనుభవం.

మూడోది నాకు బాగా ఇబ్బంది కలిగించే ప్రశ్న. రిహార్సల్ అన్నిటినీ పట్టుకుంటుందా? పట్టుకోదు. జేసీబీని ఏ రిహార్సలూ ఆపలేదు. ఒకసారి సభలో కంపెనీ సినిమా వేశారు, దాని నేపథ్యంలో సినిమా పాట ఉంది, యూట్యూబు దాన్ని గుర్తుపట్టి మా లైవ్‌ను తీసేసి హెచ్చరిక బొమ్మ పెట్టింది. ముందు రోజు ఆ సినిమా ఇంకా ఎడిటింగులోనే ఉంది కాబట్టి మేము చూడలేదు. మరోసారి కస్టమరు తమ పేరిట కొత్త ఛానెల్‌ను ముందు రోజు సాయంత్రమే తెరిచాడు. కొత్త ఛానెల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు, మా సభ పొద్దున పది గంటలకు. అయితే ఈ రెండో ఇబ్బంది బయటపడింది రిహార్సల్‌లోనే, కాబట్టి రాత్రికి రాత్రి వాళ్ళ పాత ఛానెల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వెతికి పట్టుకోగలిగాము.

లింకు గోప్యత గురించి కూడా కస్టమరు మాట్లాడేది సాధారణంగా ఆ రిహార్సల్ గదిలోనే. ‘అన్‌లిస్టెడ్’ అంటే రహస్యమని చాలామంది అనుకుంటారు, లింకు చేతికొచ్చిన ఎవరైనా అది చూడవచ్చు, లింకులు వాట్సాప్‌లో ఎంత దూరం పోతాయో చెప్పనక్కరలేదు. లాగిన్ పెట్టి సొంత ప్లేయర్‌లో చూపించాలంటే ఖర్చు మనమే లెక్కగట్టి ముందే చెప్పాలి. ఒక్కొక్కరికి 2 ఎంబీపీఎస్ చొప్పున వెయ్యి మంది రెండు గంటలు చూస్తే 1.8 టెరాబైట్ల డేటా అవుతుంది, దానికి బిల్లు వస్తుంది.

బిల్లు కాగితం

మేనల్లుడి జాబితాలో లేని ఇంకో వరుస, డబ్బు చేతికి రావడానికి పట్టే కాలం. పెళ్ళివారు అప్పగింతల రోజుకే మిగతాది ఇచ్చేస్తారు. కంపెనీ ముందు వెండర్ ఫారం పంపుతుంది, అందులో జీఎస్‌టీ నంబరు అడుగుతుంది. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా నంబరు లేనివాడికి పెద్ద కంపెనీ పని దొరకడం కష్టం. నంబరు తీసుకున్నాక 18 శాతం పన్ను, బిల్లు వేసిన మర్నెల 20వ తేదీకి మనమే కట్టాలి, కంపెనీ మనకు ఇచ్చిందా లేదా అన్నది సర్కారుకు సంబంధం లేదు. ఒక సంస్థ నాకు తొంభై రోజుల తర్వాత చెక్కు ఇచ్చింది, అప్పటికి ఆ పన్ను నేను మా ఆవిడ చిట్టీ డబ్బుతో కట్టి ఉన్నాను.

చిన్న పరిశ్రమల చట్టం, 2006 ప్రకారం ఒప్పందం ఏమున్నా 45 రోజులకు మించి ఆపకూడదు, ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలి. 2023 ఆర్థిక చట్టం వచ్చాక, గడువు దాటిన బకాయిని కంపెనీ చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. అందుకు మనకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా సర్కారు దగ్గర నమోదు, ఉండాలి, ఆ నంబరు బిల్లు మీద వేయడం మంచిది. నేను వడ్డీ అడిగిన పాపాన పోలేదు, అడిగితే మరుసటి ఏడాది ఆర్డరు ఉండదు. కాని ఆ నంబరు అచ్చువేయడం మొదలుపెట్టాక అకౌంట్స్ విభాగం నుంచి ఫోన్లు మార్చి నెలలో వాటంతటవే వస్తున్నాయి.

ఇక్కడా నా వాదన రిహార్సల్ దగ్గరికే తిరిగి వస్తుంది. రిహార్సల్‌ను కొటేషన్‌లో మొదటి వరుసగా రాసి, ఆ వరుసకు సరిపడా అడ్వాన్సు దాని ముందే చెల్లించాలని షరతు పెడితే, పీఓ (కంపెనీ రాసిచ్చే పర్చేజ్ ఆర్డరు) లేకుండా నోటిమాట మీద నడిచే ఆర్డర్లు ఆ గడపలోనే తేలిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగిన వారం నాకు ఒక కార్యక్రమం రద్దయింది. ఎవరినీ తప్పుపట్టే సమయం కాదది. అప్పటికే లైన్ వేసినందుకు కేబుల్ ఆపరేటర్‌కు నేను డబ్బు ఇచ్చి ఉన్నాను, ఆ మొత్తం రిహార్సల్ అడ్వాన్సులోంచి పోయింది, నా జేబులోంచి పోలేదు.

ఇవన్నీ మేనల్లుడికి ఫోన్లో చెప్పాను. వాడు ఓపిగ్గా విని జాబితా మార్చాడు. క్రేను తీసేశాడు, ఒక కెమెరా తగ్గించాడు, రెండు యూపీఎస్‌లు, ఒక చిన్న ఆడియో మిక్సర్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు చేర్చాడు. ఇంటర్నెట్‌కు విడిగా అంకె వేశాడు. కస్టమర్లకు ఇచ్చే కొటేషన్‌లో రిహార్సల్ మొదటి వరుసలోకి వచ్చింది.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. లక్ష్మీపురంలోని ఒక హోటల్లో డీలర్ల సభకు మొదటి ఆర్డరు వచ్చిందట, రేటు ఒప్పుకున్నారట, కానీ ముందు రోజు హాలు ఖాళీ లేదు, రిహార్సల్ కుదరదన్నారట.

“మరేం చేశావు?”

“తీసుకున్నాను మావయ్యా.”

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు. సభ ఆదివారం పదింటికి. ముందు రోజు రాత్రి అక్కడ రిసెప్షన్ ఉంది, అది అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది. నేను తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ బయలుదేరుతున్నాను, హాలు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, మెట్ల కింద గది ఎటువైపు ఉందో ముందే కనుక్కుని ఉంచమన్నాను.